‘ది డార్క్ టవర్’: క్లైమాక్స్ మీద, రోలాండ్ పాత్రధారి మీద వాదన ఎందుకు తెగడం లేదు

క్లుప్తంగా: 2017లో వచ్చిన ‘ది డార్క్ టవర్’ గురించి అభిమానులు ఇప్పటికీ రెండు విషయాల మీద వాదించుకుంటున్నారు. ముగింపు అర్థం కాలేదన్నది ఒకటి. కథానాయకుడు, గన్‌స్లింగర్ (తుపాకీ వీరుడు) అయిన రోలాండ్ పాత్రకు నల్లజాతి నటుడు ఇడ్రిస్ ఎల్బాను తీసుకోవడం సబబేనా అన్నది రెండోది. పైకి వేరుగా కనిపించినా రెండింటి మూలం ఒక్కచోటే ఉంది. తీసినవాళ్లు ఈ చిత్రాన్ని స్టీఫెన్ కింగ్ నవలలకు కొనసాగింపుగా ఊహించుకున్నారు, ఆ ముక్క మాత్రం తెర మీద చెప్పలేదు. నవలల చివరి మలుపుతో సహా కథంతా ఈ వ్యాసంలో చర్చకు వస్తుంది.

కథ పెద్దది, సినిమా చిన్నది

స్టీఫెన్ కింగ్ ఈ కథను 1978లో ఒక పత్రికలో మొదలుపెట్టాడు. 1982లో మొదటి నవల వచ్చింది, 2004లో ఏడో నవలతో కథ ముగిసింది. నడుమ ఇమిడే మరో నవలను 2012లో చేర్చాడు. వేల పేజీల ఈ కథ మొదట జె.జె. అబ్రామ్స్ చేతికి, తర్వాత రాన్ హోవర్డ్ చేతికి వెళ్లి, చివరికి డెన్మార్క్ దర్శకుడు నికొలాయ్ ఆర్సెల్ దగ్గర 95 నిమిషాల సినిమాగా తేలింది. స్క్రీన్‌ప్లే కింద నలుగురి పేర్లున్నాయి. విడుదల తేదీ మొదట 2017 జనవరి 13. అది ఫిబ్రవరి 17కి, అక్కణ్నుంచి జులై 28కి, చివరికి ఆగస్టు 4కి జరిగింది.

బడ్జెట్ సుమారు 6 కోట్ల డాలర్లు. ఇంత విస్తారమైన ఫాంటసీకి హాలీవుడ్ లెక్కల్లో ఇది తక్కువే. మొదటి వారాంతంలో అమెరికాలో దాదాపు 1.9 కోట్ల డాలర్లు వసూలు చేసి ఆ వారం మొదటి స్థానంలో నిలిచింది. ప్రపంచవ్యాప్తంగా మొత్తం వసూళ్లు సుమారు 11.3 కోట్ల డాలర్లు. థియేటర్ల వాటా, ప్రచార ఖర్చు తీసేస్తే ఇందులో సీక్వెల్‌కి ధైర్యమిచ్చేంత మిగులు లేదు. సమీక్షలు కూడా కలిసిరాలేదు. పుస్తకాలు చదివినవాళ్లు ‘ఇది మా కథ కాదు’ అన్నారు, చదవనివాళ్లు ‘ఇంతకీ ఇది ఏ కథ’ అన్నారు. ఒకే సినిమా మీద ఇలా రెండు వైపుల నుంచీ ఒకేసారి ఫిర్యాదు రావడం అరుదు. కారణం వెతకవలసింది అక్కడే.

‘అర్థం కాలేదు’ అన్న మాటలో మూడు ఫిర్యాదులు

ఒక ముగింపు అర్థం కాలేదని ప్రేక్షకుడు అన్నప్పుడు అతను మూడింటిలో ఏదో ఒకటి చెబుతుంటాడు. ఏం జరిగిందో తెలియలేదన్నది మొదటిది. జరిగింది తెలిసింది గానీ అది ఎలా సాధ్యమో అంతుబట్టలేదన్నది రెండోది. అదీ సరే, ఇంత కథ నడిపింది దీనికోసమేనా అన్నది మూడోది. మూడింటినీ కలగలిపి వాదించడం వల్లే ఈ సినిమా మీద చర్చ ఎక్కడి గొంగళి అక్కడే అన్నట్టుంది.

మొదటి ఫిర్యాదుకు ఇక్కడ తావు లేదు. జరిగింది స్పష్టంగానే ఉంది. న్యూయార్క్ కుర్రాడు జేక్‌లో ఒక మానసిక శక్తి ఉంది. వాల్టర్ అనే మాంత్రికుడు అలాంటి పిల్లలను ఎత్తుకెళ్లి, యంత్రానికి కట్టి, వాళ్ల శక్తితో విశ్వానికి ఆధారమైన టవర్‌ను కూల్చాలని చూస్తుంటాడు. క్లైమాక్స్‌లో జేక్‌ను ఆ కుర్చీలో కూర్చోబెడతాడు. జేక్ మనసుతోనే రోలాండ్‌కు కబురంపుతాడు. రోలాండ్ వస్తాడు. వాల్టర్ తూటాలను చేత్తో పట్టేస్తుంటాడు. రోలాండ్ ఒక తూటా వెనకే మరొకటి పేల్చి, రెండోది మొదటిదాన్ని తాకి దారి మళ్లేలా చేసి వాల్టర్‌ను పడగొడతాడు. యంత్రం నాశనమవుతుంది. తల్లిని పోగొట్టుకున్న జేక్, రోలాండ్ వెంట ద్వారం దాటి అతని లోకానికి వెళ్లిపోతాడు.

అసలు తేడా రెండో ఫిర్యాదు దగ్గర మొదలవుతుంది. వాల్టర్ ‘ఊపిరి ఆపు’ అంటే ఎదుటి మనిషి చచ్చిపోతాడు. ఆ మాట రోలాండ్ మీద పనిచేయదు. పనిచేయదన్న సంగతి సినిమా చెబుతుంది, ఎందుకు పనిచేయదో చెప్పదు. తూటాలను పట్టగలవాడు దారి మళ్లిన తూటాను ఎందుకు ఆపలేకపోయాడన్నదానికీ ముందు వేసిన పునాది ఏదీ లేదు. కళ్లు మూసుకుని, చప్పుడును బట్టి గురి చూసే రోలాండ్ నేర్పును అంతకుముందు ఊరి మీద దాడి జరిగే సన్నివేశంలో చూపించారు. అది రోలాండ్ బలానికి పునాది. క్లైమాక్స్‌కు కావలసింది వాల్టర్ బలహీనతకు పునాది. మాయ ఉన్న కథలో ఆ మాయకు ఒక హద్దు ఉందని ప్రేక్షకుడికి సగం సినిమా లోపే తెలియాలి. చివరి పోరులో హీరో ఆ హద్దును వాడుకున్నప్పుడే ‘అరె, అవును కదా’ అనిపిస్తుంది. హద్దు చూపకుండా గెలిపిస్తే, స్క్రిప్టులో గెలవాలని రాసుంది గనుక గెలిచాడనిపిస్తుంది.

మూడో ఫిర్యాదు ఇంకా లోతైనది. సినిమా పేరు టవర్. అందులో ఎవరూ టవర్ దాకా వెళ్లరు. నవలల్లో రోలాండ్‌కు టవర్ ఒక పిచ్చి, దానికోసం ఎవరినైనా వదులుకుంటాడు. సినిమా రోలాండ్, జేక్‌ల కోరికలను తారుమారు చేసింది. ఇక్కడ రోలాండ్‌కు కావలసింది తండ్రిని చంపిన వాల్టర్ మీద పగ తీర్చుకోవడం. టవర్ గురించి బెంగపడేది జేక్. వాల్టర్ చావగానే రోలాండ్ కథ పూర్తయిపోతుంది, టవర్ కథ మొదలే కాదు. పగ కథగా చూస్తే ముగింపులో లోటేమీ లేదు. అయితే టికెట్ మీద ఉన్నది వేరే కథ పేరు.

కొమ్ముబూర రహస్యం

నవలలు చదివిన అభిమానులు ఈ ముగింపుకు ఇచ్చే జవాబు ఒకటుంది. అది తెలియాలంటే ఏడో నవల చివరికి వెళ్లాలి.

రోలాండ్ ఎట్టకేలకు టవర్ ఎక్కుతాడు. ఒక్కో అంతస్తులో అతని గత జీవితంలోని ఒక్కో ముక్క ఎదురవుతుంది. పైన అతని పేరే రాసి ఉన్న తలుపు ఉంటుంది. తెరవగానే అది అతన్ని లోపలికి లాగి, మొదటి నవల మొదలైన ఎడారిలోనే పడేస్తుంది. ఇదంతా అతను ఇంతకుముందు ఎన్నోసార్లు చేశాడు, చేసినట్టు ప్రతిసారీ మరిచిపోతాడు. ఈసారి మాత్రం ఒక్క మార్పు. జెరికో హిల్ యుద్ధభూమిలో వదిలేసి వచ్చిన వంశపారంపర్యపు కొమ్ముబూర ఇప్పుడతని దగ్గర ఉంది. కింగ్‌కు ప్రేరణ ఇచ్చిన రాబర్ట్ బ్రౌనింగ్ కవిత (1855) కూడా టవర్ ముందు నిలబడిన రోలాండ్ బూర ఊదడంతోనే ముగుస్తుంది. కాబట్టి బూర చేతిలో ఉందంటే, ఈ చుట్టు వేరేగా ముగియవచ్చన్న ఆశ ఉన్నట్టు.

2016 మే నెలలో కింగ్ ఆ బూర బొమ్మను ట్విటర్‌లో పెట్టి, ఇదే ఆఖరి చుట్టు అన్న అర్థం వచ్చే మాట జోడించాడు. దర్శకుడు కూడా ఇది ఒకరకంగా కొనసాగింపేనని చెప్పాడు. ఆ క్షణం నుంచి ప్రతి మార్పుకూ అభిమానుల దగ్గర ఒక సమర్థన సిద్ధంగా ఉంది. జేక్ చావలేదా, ఇది కొత్త చుట్టు. వాల్టర్ ఇంత తొందరగా చచ్చాడా, కొత్త చుట్టు. రోలాండ్ రూపం మారిందా, అదీ కొత్త చుట్టే.

ఈ సమర్థనలో రెండు ఇబ్బందులున్నాయి. దేనికైనా పనికొచ్చే జవాబు కావడం మొదటి ఇబ్బంది. ఏ మార్పు వచ్చినా ‘కొత్త చుట్టు’ అనగలిగితే, ఫలానా మార్పు ఎందుకు చేశారో అది చెప్పలేదు. రెండోది సాంకేతికమైనది. కొత్త చుట్టు అన్న భావన పండాలంటే ప్రేక్షకుడు పాత చుట్టును చూసి ఉండాలి. పునరావృతం తెలియాలంటే మొదటిసారి జరిగింది గుర్తుండాలి కదా. బూరను కథను కదిపే వస్తువుగా వాడి, దాని చరిత్ర చెప్పే రెండు మాటలు, ఎడారిలో ‘ఇక్కడికి ఇంతకుముందు వచ్చాను’ అనిపించే ఒక క్షణం పెట్టి ఉంటే నిమిషం నిడివి కూడా పట్టేది కాదు. అలా పెట్టినా కొత్త ప్రేక్షకుడికి సమాచారం అందేదే గానీ, ఏడు నవలల శ్రమ మళ్లీ మొదటికొచ్చిందన్న గుండెకోత అందేది కాదు. అంటే లోపం ఒక్క సన్నివేశం తగ్గడంలో లేదు. ఎనిమిదో మెట్టు మీద నుంచి కథ మొదలుపెట్టి, కింది ఏడు మెట్లూ ప్రేక్షకుడు ఎక్కేసి ఉంటాడనుకోవడంలో ఉంది.

95 నిమిషాల్లో పోయినవి

నిడివి తక్కువ కావడం దానంతటది తప్పు కాదు. ఏది తీసేశారు, తీసిన చోట ఏం పెట్టారు అన్నదే లెక్క. నవలల్లో టవర్‌ను నిలబెట్టే ఆరు కిరణాలుంటాయి. వాటిని మానసిక శక్తితో కొద్దికొద్దిగా అరగదీసే ‘బ్రేకర్లు’ అనే మనుషులుంటారు. సినిమా కిరణాల వ్యవస్థను పక్కనపెట్టి, పిల్లల మనసులను నేరుగా టవర్ మీదికి గురిపెట్టే యంత్రంగా మార్చింది. ఇది తెలివైన కుదింపు. పిల్లలంటే ప్రమాదం వెంటనే తెలుస్తుంది, యంత్రమంటే కంటికి కనిపిస్తుంది.

చేటు చేసిన కోత మరొకటి. మొదటి నవలలో వాల్టర్‌ను అందుకోవడానికి రోలాండ్ జేక్‌ను అగాధంలోకి పడిపోనిస్తాడు. అది ప్రమాదవశాత్తూ జరిగింది కాదు, రెండింటిలో ఒకదాన్ని ఎంచుకున్నాడు. ఆ పాపం మిగతా నవలల పొడుగునా అతన్ని వెంటాడుతుంది. తర్వాత వాళ్లిద్దరూ తండ్రీకొడుకుల్లా దగ్గరైనప్పుడు ఆ బంధానికి బరువు వచ్చేది దాని వల్లే. సినిమాలో రోలాండ్‌కు అలాంటి ఎంపిక ఎదురుకాదు. పగ ఒకవైపు, పిల్లవాడు ఒకవైపు అని తూచవలసిన క్షణమే రాదు, క్లైమాక్స్‌లో ఒక్క దెబ్బతో రెండూ తీరిపోతాయి. అందుకే చివరి ద్వారం సన్నివేశంలో ఎమోషన్ పండలేదు. దిక్కులేని కుర్రాడు తెలిసినవాడి వెంట వెళ్లాడన్నంత వరకే మిగిలింది.

విడుదల సమయంలో ‘వెరైటీ’ పత్రిక ఇచ్చిన కథనం ప్రకారం, 2016లో ప్రయోగ ప్రదర్శన వేసినప్పుడే కథాలోకం ప్రేక్షకులకు అంతుపట్టలేదు. ఆపై పూర్వకథ కోసం రీషూట్లు చేశారు. ఇలాంటి మరమ్మతులకు పరిశ్రమలో కొన్ని వాడుక పద్ధతులున్నాయి. మొదట్లో తెర మీద అక్షరాల్లో పరిచయం వేయడం, పాత్ర వీపు కనిపించే షాట్ మీద కొత్త డైలాగ్ డబ్ చేయడం, ఎవరో ఒకరి చేత లోకం నియమాలు చెప్పించడం, నెమ్మదిగా సాగే సన్నివేశాలను కత్తిరించడం. టవర్ గురించి, దాన్ని కూల్చగల పిల్లల మనసు గురించి ఈ సినిమా కూడా ఆరంభంలోనే అక్షరాల్లో చెప్పేసింది. ఈ పద్ధతులన్నీ సమాచారాన్ని పెంచుతాయి, ఊపిరి తీసుకునే చోటును తగ్గిస్తాయి. మొదటి ఫిర్యాదు, అంటే ఏం జరిగిందో తెలియకపోవడం, వీటితో తీరుతుంది. రెండోది, మూడోది తీరవు. ఈ సినిమా సరిగ్గా ఆ స్థితిలోనే మిగిలింది.

రోలాండ్‌గా ఇడ్రిస్ ఎల్బా

కాస్టింగ్ మీద వాదనలోనూ రెండు మూడు వేర్వేరు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. నవలల్లో రోలాండ్‌వి లేత నీలి కళ్లు. ఆ పాత్రను మలిచేటప్పుడు కింగ్ మనసులో ఉన్నది క్లింట్ ఈస్ట్‌వుడ్ రూపం. పుస్తకాల్లోని బొమ్మలు కూడా దశాబ్దాలుగా ఆ పోలికనే పాఠకుల కళ్లలో నిలిపాయి. కాబట్టి ఎల్బా పేరు వినగానే ‘నేను ఊహించుకున్న మనిషి వేరు’ అనిపించడం సహజమే. రంగు చూసి తిట్టినవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటను కథా చర్చగా లెక్కలోకి తీసుకోనక్కరలేదు. కింగ్ ఈ ఎంపికను బహిరంగంగా సమర్థించాడు. తనకు గన్‌స్లింగర్ ఒంటి రంగుతో పనిలేదని, తుపాకీ ఎంత వేగంగా తీస్తాడన్నదీ, తన జట్టును ఎలా కాచుకుంటాడన్నదీ ముఖ్యమని 2015 చివరలోనే అన్నాడు.

కథ వైపు నుంచి నిలబడే అభ్యంతరం ఒక్కటే ఉంది. అది రెండో నవలలోని ఒడెట్టా హోమ్స్ గురించి. ఆమె 1960ల అమెరికాలో పౌరహక్కుల ఉద్యమంలో ఉన్న నల్లజాతి స్త్రీ. ఆమెలోనే డెట్టా వాకర్ అనే మరో వ్యక్తిత్వం ఉంటుంది. డెట్టాకు తెల్లవాళ్లంటే పగ. ఆమెను తన లోకానికి లాక్కొచ్చిన రోలాండ్, అతని వెంట ఉన్న ఎడ్డీ ఇద్దరూ తెల్లవాళ్లే కావడం వల్ల ఆ భాగమంతా నిప్పుల మీద నడకలా ఉంటుంది. రోలాండ్ నల్లవాడైతే ఆ ఉద్రిక్తతను కొత్తగా రాసుకోవాలి. అసాధ్యమేమీ కాదు, పగంతా ఎడ్డీ మీదికి మళ్లించవచ్చు, లేదా రోలాండ్‌ను డెట్టా ద్రోహిగా చూడవచ్చు. ఏదైనా రచన తెలిసి చేయవలసిన పని. 2017 సినిమాలో ఒడెట్టా లేదు, ఎడ్డీ లేడు. కాబట్టి ఈ సినిమా వరకు ఆ అభ్యంతరం వర్తించదు. రాని సీక్వెల్ మీద పెట్టిన అభ్యంతరం అది.

తెర మీద చూడవలసింది లోపలి పొందిక. రోలాండ్ తండ్రిగా డెనిస్ హేస్‌బర్ట్‌ను తీసుకున్నారు. తండ్రీకొడుకులు ఒక్క ఇంటివాళ్లలా ఉన్నారు, ఆ లోకంలో ఎక్కడా అతుకు కనిపించదు. 2010లో వచ్చిన ‘ది లాస్ట్ ఎయిర్‌బెండర్’తో పోలిస్తే ఈ తేడా తెలుస్తుంది. ఆసియా, ఇన్యూట్ సంస్కృతుల నుంచి అల్లిన ఆ యానిమేషన్ సిరీస్‌ను సినిమాగా తీసినప్పుడు ముఖ్య పాత్రలు మూడింటికీ తెల్ల నటులను ఎంచుకున్నారు. మంచు తెగకు చెందిన అన్నాచెల్లెళ్లు తెల్లగా ఉంటే, చుట్టూ ఉన్న తెగవాళ్లు ఇన్యూట్ పోలికలతో ఉంటారు. శత్రుదేశం యువరాజుగా దేవ్ పటేల్‌ను తీసుకున్నారు. అక్కడ మూల రచనకు విధేయతా పోయింది, లోపలి పొందికా పోయింది. డార్క్ టవర్‌లో పోయింది మొదటిది మాత్రమే, అదీ రచయిత సమ్మతితో. రెండు వివాదాలనూ ఒకే గాటన కట్టడం సరికాదు.

నటుడి లోపాన్నీ రాతలోని లోపాన్నీ విడదీసి చూడటానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. అదే సన్నివేశంలో మరో మంచి నటుణ్ని ఊహించుకోవాలి. ఇబ్బంది అలాగే ఉంటే తప్పు రాతది. మాథ్యూ మెకానహే వాల్టర్‌కు ఈ పరీక్ష పెడితే ఫలితం వెంటనే తెలుస్తుంది. ఆ పాత్రకు రాసినవి చాలావరకు ఆజ్ఞలు, హత్యలు. టవర్ కూలితే అతనికి ఒరిగేదేమిటో సినిమా గట్టిగా చెప్పదు. ఎవరు వేసినా అక్కడ మిగిలేది సూటు వేసుకున్న దుర్మార్గుడే. ఎల్బా విషయంలో పరీక్ష తిరగబడుతుంది. ఆసుపత్రి సన్నివేశంలో కొత్త లోకాన్ని చూసి తికమకపడే తీరు, తుపాకీ నింపుకునే చేతి నేర్పు కాగితం మీద ఉన్నదానికంటే ఎక్కువే ఇచ్చాయి.

ఇక్కడే రెండు వాదనలూ కలుస్తాయి. ‘ఇది కొత్త చుట్టు గనుక రోలాండ్ రూపం మారింది’ అని ఎల్బాను వెనకేసుకొచ్చేవారు మేలు చేస్తున్నామనుకుంటారు. నిజానికి సంజాయిషీ అక్కరలేని ఎంపికను సంజాయిషీ కావలసినదిగా మారుస్తున్నారు. కింగ్ మాటలో చుట్ల ప్రసక్తే లేదు. పాత్ర స్వభావం నిలిస్తే చాలన్నాడు, అంతే.

క్లైమాక్స్‌ను దాచుకున్న మరో సినిమా

ముఖ్యమైన ముక్క తెర బయట ఉండిపోవడం కొత్తేమీ కాదు. 2007లో వచ్చిన ‘ది గోల్డెన్ కంపాస్’ దీనికి అద్దం పట్టే ఉదాహరణ. నవలలోని చివరి అధ్యాయాలను చిత్రీకరించారు కూడా. ఆ విషాదాంతాన్ని రెండో భాగానికి దాచి, పిల్లలు బెలూన్ ఓడలో ఉత్తరానికి ఎగిరిపోతూ ఆశగా మాట్లాడుకునే చోట సినిమా ఆపేశారు. 18 కోట్ల డాలర్ల సినిమాకు ప్రపంచవ్యాప్తంగా సుమారు 37 కోట్ల డాలర్లు వచ్చినా, అమెరికాలో వచ్చింది 7 కోట్లే. విదేశీ హక్కులను స్టూడియో ముందే అమ్ముకుంది కాబట్టి బయటి వసూళ్లతో దానికి పెద్దగా ఒరగలేదు. రెండో భాగం రాలేదు, దాచిన క్లైమాక్స్ దాచినట్టే ఉండిపోయింది. కాస్టింగ్ గొడవ అక్కడా ఉంది. కవచపు ఎలుగుబంటికి నాన్సో అనోజీ చెప్పిన గొంతును తీసేసి, పేరున్న నటుడని ఇయాన్ మెకెలెన్ చేత చెప్పించారు.

ఆ సినిమా ముగింపును రేపటికి వాయిదా వేసింది, డార్క్ టవర్ మొదలును నిన్నటి పుస్తకాలకు వదిలేసింది. సీక్వెల్‌కి లీడ్ ఇవ్వడం వేరు, ఈ భాగం తాలూకు బాకీని తీర్చకుండా వదలడం వేరు. ‘గోల్డెన్ కంపాస్’ మూలనవల 2019లో టీవీ సిరీస్‌గా వచ్చినప్పుడు మొదటి సీజన్ ఆ విషాదంతోనే ముగిసింది. ఆ సిరీస్ మూడు సీజన్లు నడిచి కథ పూర్తి చేసింది.

తర్వాతి ప్రయత్నాల ముందున్న లెక్కలు

సినిమా తర్వాత అమెజాన్ కోసం మరో నటుడితో, రోలాండ్ యవ్వనం నేపథ్యంగా ఒక పైలట్ ఎపిసోడ్ తీశారు. 2020 జనవరిలో అమెజాన్ దాన్ని వద్దనుకుంది. 2022 డిసెంబర్‌లో హక్కులు దర్శకుడు మైక్ ఫ్లానగన్ చేతికొచ్చినట్టు వెల్లడైంది. కనీసం ఐదు సీజన్లు, ఆపైన రెండు సినిమాలు అన్నది అప్పుడు ఆయన చెప్పిన ప్రణాళిక.

నిడివి పెరిగితే కొమ్ముబూర చిక్కు చాలావరకు తీరుతుంది. జెరికో హిల్‌లో బూర పోవడం ఒక సీజన్‌లో చూపిస్తే, చివరి సీజన్‌లో అది చేతికి రావడం పుస్తకం ముట్టని ప్రేక్షకుడికీ తెలుస్తుంది. ఒడెట్టా, ఎడ్డీ, రోలాండ్ ముగ్గురినీ ఒకేసారి ఎంచుకోవాలి, ఎందుకంటే ఒకరి ఎంపిక మిగతా ఇద్దరి సన్నివేశాలను మార్చేస్తుంది. అన్నింటికంటే మొండి చిక్కు జేక్‌ది. నవలల్లో అతనికి పదకొండేళ్ల వయసు, కథాకాలంలో పెద్దగా పెరగడు. ఐదు సీజన్లు తీసేసరికి అదే కుర్రాడికి మీసాలొస్తాయి. అన్ని సీజన్లలోని జేక్ సన్నివేశాలను ముందే వరుసగా తీసిపెట్టుకోవాలి, లేదా అతని వయసును కథలోనే పెంచాలి. మొదటి దారికి ఏ సీజనూ ప్రసారం కాకముందే ఖర్చు పెట్టే నిర్మాత దొరకాలి. రెండో దారిలో, అగాధంలోకి జారిపోయే పసివాడికీ చివరిదాకా రోలాండ్ వెంట నడిచే పిల్లవాడికీ మధ్య గడిచిన ఏళ్లకు కథలో లెక్క చూపాలి.